చదరంగాన్ని ఏ చివర నుంచి మొదలుపెట్టాలి?



2024 చివరి నాలుగు నెలలు మన చదరంగానికి పండగ రోజులు. సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ జరిగింది. ఓపెన్ విభాగంలోనూ, మహిళల విభాగంలోనూ మన దేశమే బంగారు పతకం గెలిచింది. ఆ జట్లలో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి ఎదిగిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. డిసెంబరులో, చెన్నైలో పెరిగిన తెలుగింటి అబ్బాయి గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే నెలాఖరుకి, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్‌ని రెండోసారి గెలుచుకుంది. ఈ వార్తలు చూసి పిల్లల్ని చెస్ క్లాసులో చేర్పించినవాళ్లు, అటక మీది బోర్డుని తామే మళ్లీ కిందికి దించినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్లందరికీ ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఆట మెరుగుపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్కువమంది ఓపెనింగ్‌తో మొదలుపెడతారు. ఓపెనింగ్ అంటే ఆటలో మొదటి పది, పన్నెండు ఎత్తులు. అది సహజమే. ఆట అక్కడే కదా మొదలయ్యేది. పైగా ఓపెనింగ్‌లకి మంచి మంచి పేర్లుంటాయి. సిసిలియన్, ఇటాలియన్, కింగ్స్ ఇండియన్. పిల్లవాడు సిసిలియన్‌లో పన్నెండు ఎత్తులు కంఠస్థం చేస్తాడు. టోర్నమెంటుకి వెళ్తాడు. నాలుగో ఎత్తులోనే అవతలివాడు పుస్తకంలో లేనిది ఏదో ఆడతాడు. ఇక మనవాడికి ఏం చెయ్యాలో తోచదు. నేర్చుకున్నది ఎత్తులే గానీ, ఆ ఎత్తులు ఎందుకో నేర్చుకోలేదు. ఆ ‘ఎందుకు’ అనే ప్రశ్నకి జవాబు ఓపెనింగ్ పుస్తకంలో దొరకదు. ఆట చివరి భాగంలో దొరుకుతుంది. ఎండ్‌గేమ్ అంటామే, బోర్డు మీద నాలుగైదు పావులే మిగిలిన ఆ దశలో. అందుకే నేను చెప్పేది ఇది. చదరంగాన్ని చివరి నుంచి నేర్చుకోవాలి. ముందు ఎండ్‌గేమ్. దాని మీద టాక్టిక్స్, అంటే పావుల్ని గెలిచే ఎత్తుగడలు. ఆ తర్వాతే ఓపెనింగ్. వరస ఇది. ఈ వరస ఎందుకో ఈ కాస్త సమయంలో వివరిస్తాను.

జాకెట్టు కుట్టే టైలరుని చూడండి. గుడ్డ చేతికి రాగానే కత్తెర అందుకోడు. చెయ్యి ఎంత పొడుగు, మెడ ఎంత లోతు, నడుము ఎంత, అన్నీ రాసుకుంటాడు. కుట్టడం పూర్తయ్యాక ఆ జాకెట్టు ఒంటి మీద ఎలా కూర్చోవాలో అతని కళ్ల ముందు ఉంటుంది. ఆ తర్వాతే సుద్దతో గీత. ఆ గీత మీదే కత్తెర. మొదటి కోత ఎక్కడ పడాలో నిర్ణయించేది చివరి రూపమే. చదరంగంలోనూ మొదటి ఎత్తులకి అర్థం చివరి రూపం నుంచే వస్తుంది. ఏ పావులు మిగిలితే గెలుపు, ఏవి మిగిలితే డ్రా, ఈ సంగతి తెలియనివాడు మధ్యలో ఏ పావుని ఇచ్చి ఏ పావుని తీసుకోవాలో ఎలా తేల్చుకుంటాడు?

మాటలతో ఎందుకు, బోర్డు దగ్గర ఉంటే ముందుకు లాక్కోండి. లేకపోతే మనసులోనే ఊహించుకోండి. మూడే పావులు. తెల్ల రాజు ఆట మొదట్లో నిలబడే నిలువు వరస ఉంది కదా, ఆ ఒక్క వరసే చూడండి. కింద నుంచి రెండో గడిలో ఒక తెల్ల బంటు. అంటే బంటు ఇంకా తన సొంత చోటు నుంచి కదల్లేదు. నాలుగో గడిలో తెల్ల రాజు. ఆరో గడిలో నల్ల రాజు. రాజులిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. మధ్యలో ఒక్క గడి ఖాళీ. ఇప్పుడు ఎత్తు తెల్లవాళ్లది. తెల్లవాళ్లు రాజుని కదపకూడదు. బంటుని ఒక్క గడి ముందుకి, మూడో గడిలోకి జరపాలి. అంతే. ఇప్పుడు ఎత్తు నల్లవాళ్లది. నల్ల రాజు పక్కకో, వెనక్కో తప్పుకోక తప్పదు. అతను ఏ పక్కకి తప్పుకుంటే తెల్ల రాజు దానికి రెండో పక్క నుంచి ముందుకి దూరతాడు. వెనక్కి తగ్గితే తెల్ల రాజు ఎదురుగానే ముందుకి వస్తాడు. బంటుకి దారి చేస్తాడు. బంటు చివరికి వెళ్లి మంత్రి అవుతుంది. ఇది గెలుపు.

ఇప్పుడు అదే బొమ్మలో చిన్న మార్పు. రాజులు అక్కడే. బంటు మాత్రం మొదటి నుంచీ మూడో గడిలో ఉంది. ఎత్తు తెల్లవాళ్లదే. ఈసారి ఊరికే జరపడానికి బంటుకి గడి లేదు. ముందు తెల్ల రాజే ఉన్నాడు. కాబట్టి తెల్ల రాజే పక్కకి జరగాలి. అతను ఎటు జరిగితే నల్ల రాజు అటే జరిగి మళ్లీ ఎదురు నిలబడతాడు. ఎంత తిప్పినా దారి ఇవ్వడు. ఇది డ్రా. చూశారా? అవే పావులు, అవే రాజులు. బంటు ఒక గడి వెనక ఉంటే గెలుపు, ఒక గడి ముందుంటే డ్రా. బంటు ముందుకి పోతేనే మంచిది అనుకునే పిల్లవాడికి ఈ ఒక్క బొమ్మ చాలా నేర్పుతుంది. తొందరపడి ఆడిన బంటు ఎత్తు తిరిగి రాదు. చేతిలో మిగుల్చుకున్న ఒక ఎత్తు ఆటనే గెలిపిస్తుంది. ఈ సంగతి ఒకసారి కళ్లకి కట్టాక, ఆ పిల్లవాడు ఓపెనింగ్‌లో కూడా బంటుని ముట్టుకునే ముందు ఒక క్షణం ఆగుతాడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. క్యూబా ఆటగాడు కపబ్లాంకా 1921లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడాదే ‘చెస్ ఫండమెంటల్స్’ అనే పుస్తకం రాశాడు. అది కొత్తవాళ్ల కోసం రాసిన పుస్తకం. అందులో మొదటి పాఠం ఓపెనింగ్ కాదు. ఒక ఏనుగు, ఒక రాజు కలిసి ఒంటరి రాజుకి మేట్ ఎలా చెయ్యాలి, అదీ మొదటి పాఠం. ఏనుగు అంటే క్లాసులో రుక్ అంటారే, అది. ఆ తర్వాత రాజు, బంటు మిగిలే ఆటలు వస్తాయి. ఈ రచయిత 1916 నుంచి 1924 దాకా ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. అలాంటివాడు పాఠాన్ని చివరి నుంచి మొదలుపెట్టాడంటే మనం ఆలోచించాల్సిందే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది బలమైన అభ్యంతరమే. చిన్నపిల్లల ఆటలు ఎండ్‌గేమ్ దాకా రానే రావు కదా అంటారు. ఇరవయ్యో ఎత్తుకే ఒకరి మంత్రి పోతుంది. ఆట అయిపోతుంది. అలాంటప్పుడు ఎండ్‌గేమ్ నేర్పి ఏం లాభం? ఈ మాటలో నిజం ఉంది. కొత్తవాళ్ల ఆటల్లో గెలుపోటములు ఎక్కువగా తేల్చేది టాక్టిక్స్. ఒకే గుర్రం ఒకే ఎత్తులో రాజుకి చెక్ ఇస్తూ మంత్రినీ పట్టుకోవడం. దాన్ని ఫోర్క్ అంటారు. వెనక రాజు ఉన్నాడు కాబట్టి ముందున్న పావు కదల్లేకపోవడం. అది పిన్. రాజు తన బంట్ల వెనకే ఇరుక్కుని ఉండగా, చివరి అడ్డవరసలోకి ఏనుగు దిగి మేట్ చెయ్యడం. ఇవి కనపడనివాడు ఎండ్‌గేమ్ ఎంత చదివినా ఓడిపోతాడు. అందుకే నేను వరసనీ, సమయాన్నీ వేరు చేసి చెప్తున్నాను. మొదలుపెట్టడం ఎండ్‌గేమ్‌తో. ఎక్కువ సమయం పెట్టడం టాక్టిక్స్ మీద. రోజుకి అరగంట ఉంటే అందులో ఇరవై నిమిషాలు టాక్టిక్స్ లెక్కలకే ఇవ్వండి. నాకేం పేచీ లేదు.

కానీ టాక్టిక్స్‌తో పావు గెలిచాక ఏం చేస్తారన్నది కూడా ప్రశ్నే. స్కూలు టోర్నమెంటులో ఏదో ఒక బల్ల దగ్గర ఈ దృశ్యం కనపడుతుంది. ఒక పాప దగ్గర మంత్రి, రాజు ఉన్నాయి. అవతల ఒంటరి రాజు. ఆ రాజు మూల గడిలో ఉన్నాడు. పాప సంతోషంగా మంత్రిని దగ్గరికి తెస్తుంది. సరిగ్గా గుర్రం దూకేంత దూరంలో పెడుతుంది. అవతలి రాజుకి చెక్ లేదు. కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. ఆట డ్రా. గంటసేపు బాగా ఆడి సంపాదించిన గెలుపులో సగం పాయింటు పోయింది. మూలనున్న రాజుకి గుర్రం దూకేంత దూరంలో మంత్రిని పెట్టకూడదు. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంకో ఉదాహరణ. మీరు టాక్టిక్‌తో ఒక శకటాన్ని, అదే బిషప్‌ని, ఉచితంగా గెలిచారు. మీవి తెల్ల పావులు. ఆట నెమ్మదిగా కరిగింది. చివరికి మీ దగ్గర శకటం, ఎడమ అంచున ఉన్న ఒక్క బంటు మిగిలాయి. అవతల ఒంటరి రాజు. గెలిచేసినట్టే అనిపిస్తుంది. కానీ మీ శకటం నల్ల గళ్ల మీద తిరిగేదైతే, నల్ల రాజు ఆ బంటు ముందున్న మూలకి చేరుకుంటే, గెలుపు లేదు. ఆ మూల గడి తెల్లది. మీ శకటం దాన్ని ఎప్పటికీ ముట్టుకోలేదు. రాజుని అక్కడి నుంచి వెళ్లగొట్టే దారే లేదు. ఒక పావు, ఒక బంటు ఎక్కువ ఉండి కూడా డ్రా. ఈ సంగతి తెలిసినవాడు పది ఎత్తుల ముందే జాగ్రత్త పడతాడు. అంచు బంటుని వదులుకుని, దాని పక్క బంటుని దాచుకుంటాడు. అంటే ఎండ్‌గేమ్ జ్ఞానం ఎండ్‌గేమ్‌లో మాత్రమే పనిచెయ్యదు. మధ్యలో ఏది ఇవ్వాలో, ఏది ఉంచాలో అదే చెప్తుంది.

పిల్లల సంగతి సరే, పెద్దవాళ్ల ఆటలో ఏమైందో చూద్దాం. 2024 డిసెంబరు 12, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి ఆట, పద్నాలుగోది. చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కీ, గుకేశ్‌కీ అప్పటికి చెరో ఆరున్నర పాయింట్లు. బోర్డు మీద ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటం ఉన్నాయి. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. అయినా అది డ్రాకే దగ్గరగా ఉన్న ఆట. యాభై అయిదో ఎత్తులో డింగ్ తన ఏనుగుని గుకేశ్ ఏనుగుకి ఎదురు పెట్టాడు. మార్చుకుందాం అన్నట్టు. పావులు తగ్గితే డ్రా దగ్గరవుతుందని సాధారణంగా మనకీ అనిపిస్తుంది. కానీ డింగ్ శకటం దూరంగా మూలలో ఉంది. గుకేశ్ ఏనుగులు మార్చుకున్నాడు. వెంటనే తన శకటాన్ని డింగ్ శకటానికి ఎదురు పెట్టాడు. ఆ మార్పిడి తప్పించుకోవడానికి దారి లేదు. శకటాలు కూడా పోయాక మిగిలింది రాజులు, బంట్లు. గుకేశ్‌కి రెండు, డింగ్‌కి ఒకటి. అది గెలుపు ఆట. యాభై ఎనిమిదో ఎత్తుకి డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఆటని తేల్చినది టాక్టికా, ఎండ్‌గేమా? రెండూ విడదీయలేం. శకటం తప్పించుకోలేదని చూడటం టాక్టిక్. రెండు మార్పిడుల తర్వాత మిగిలేది గెలుపే అని తెలిసి ఉండటం ఎండ్‌గేమ్. ఆ రెండోది తెలియకపోతే మొదటిది చూసినా ఉపయోగం లేదు.

ఇక ఓపెనింగ్ పక్షాన వాదించేవాళ్లు చెప్పే మాట. పెద్ద ఆటగాళ్లంతా ఓపెనింగ్‌ల మీదే నెలల తరబడి పనిచేస్తారు కదా అంటారు. నిజమే. 2008లో జర్మనీలోని బాన్ నగరంలో విశ్వనాథన్ ఆనంద్, క్రామ్నిక్ ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. అక్కడ ఆనంద్ మూడో ఆట, అయిదో ఆట నల్ల పావులతో గెలిచాడు. రెండింటా ఇంటి దగ్గర తయారుచేసుకున్న ఓపెనింగ్ ఆలోచనే అతనికి దారి చూపింది. ఆ టైటిల్‌లో ఆ తయారీకి పెద్ద పాత్ర ఉంది. దాన్ని తక్కువ చెయ్యడం అన్యాయం. కానీ అయిదేళ్ల తర్వాత చూడండి. 2013లో చెన్నై. ఆనంద్ సొంత ఊరు. ఎదురుగా నార్వే కుర్రాడు మాగ్నస్ కార్ల్‌సన్. ఓపెనింగ్‌లో పెద్దగా ఏమీ రాకపోయినా ఫర్వాలేదన్నట్టు ఆడాడతను. మామూలు ఆటల్లోంచే మెల్లగా ఎండ్‌గేమ్‌కి నడిపించాడు. అయిదో ఆట, ఆరో ఆట వరసగా గెలిచాడు. రెండూ ఏనుగులు, బంట్లు మిగిలిన ఎండ్‌గేమ్‌లే. ఆ పోటీ ఆరున్నర, మూడున్నరతో అతని సొంతమైంది. బాన్ సంగతి నుంచి మనం తీసుకోవాల్సిన పాఠం ఏమిటి? ఓపెనింగ్ తయారీ పనికొస్తుంది, మిగతా రెండూ ఇద్దరికీ బాగా వచ్చి ఉన్నప్పుడు. ఆనంద్‌కి ఆ మిగతావి ముందే వచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంకా రావు. ఆ పిల్లవాడి చేతికి ఆనంద్ తయారీ ఇచ్చినా గెలుపుగా మార్చుకోలేడు.

అలాగని ఓపెనింగ్ వద్దని నేను అనడం లేదు. ఓపెనింగ్‌లో ఆలోచన నేర్చుకోండి, ఎత్తుల పట్టీ కాదు. నడిమి గళ్ల మీద పట్టు ఉండాలి. గుర్రాలు, శకటాలు త్వరగా బయటికి రావాలి. రాజు కోటలోకి వెళ్లాలి. సరైన కారణం లేకుండా ఒకే పావుని రెండుసార్లు కదపకూడదు. నాలుగు ఎత్తుల్లో మేట్ చేసే పాత పన్నాగం ఉంది కదా, మంత్రీ శకటమూ కలిసి రాజు పక్క బంటు మీద పడేది. దాన్ని ఆపడానికి కూడా ఈ ఆలోచనలే చాలు. ఇంకా లోతుకి వెళ్తే ఓపెనింగ్‌లోనే ఎండ్‌గేమ్ దాగి ఉంటుంది. దీనికి స్పానిష్ ఓపెనింగ్‌లో ఎక్స్‌చేంజ్ పద్ధతి మంచి సాక్ష్యం. తెల్లవాళ్లు నాలుగో ఎత్తుకే శకటాన్ని ఇచ్చి గుర్రాన్ని తీసుకుంటారు. నల్లవాళ్లు బంటుతో తిరిగి కొడతారు. వాళ్ల రెండు బంట్లు ఒకే నిలువు వరసలో ఒకదాని వెనక ఒకటి చేరతాయి. తర్వాత నడిమి బంట్లు కూడా మారతాయి. ఇప్పుడు బంట్లు లెక్కపెట్టండి. రాజు వైపు తెల్లవాళ్లకి నాలుగు, నల్లవాళ్లకి మూడు. మంత్రి వైపు నల్లవాళ్లకి నాలుగు, తెల్లవాళ్లకి మూడు. సమానంగానే ఉంది అనిపిస్తుంది. కానీ తెల్లవాళ్ల నాలుగు బంట్లలోంచి ఒకటి దారి చేసుకుని చివరికి పోగలదు. నల్లవాళ్ల నాలుగింటిలో రెండు ఒకే వరసలో ఇరుక్కున్నాయి కాబట్టి, అవతల జాగ్రత్తగా ఆడితే దారి దొరకదు. ఆ స్థితిలో పావులన్నీ తీసేసి రాజుల్ని, బంట్లని మాత్రం ఉంచితే తెల్లవాళ్లదే గెలుపు. నాలుగో ఎత్తు ఆడేటప్పుడే ఆ ఓపెనింగ్ ఈ చివరి బొమ్మని దృష్టిలో పెట్టుకుంది. నల్లవాళ్లకి బదులుగా రెండు శకటాలు మిగులుతాయి. అందుకే వాళ్లు పావుల్ని మార్చకుండా ఉంచాలని చూస్తారు. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లాస్కర్ కపబ్లాంకా మీద ఈ పద్ధతే ఎంచుకుని గెలిచాడు. 1966లో హవానాలో బాబీ ఫిషర్ దీన్ని మళ్లీ బయటికి తీశాడు. ఎండ్‌గేమ్ తెలిసిన పిల్లవాడికి ఈ ఓపెనింగ్ పది నిమిషాల్లో అర్థమవుతుంది. తెలియనివాడు దీన్ని బట్టీ పట్టాలి.

ఇంకొకరు అడగొచ్చు. ఇప్పుడు కంప్యూటర్ అన్నీ చెప్తోంది కదా, ఇంత చదవడం దేనికని. కంప్యూటర్ వల్ల ఓపెనింగ్‌ల మోజు త్వరగా మారుతోంది. నిన్న మంచిదన్న ఎత్తు ఇవాళ పనికిరాదంటారు. ఎండ్‌గేమ్‌లో అలా జరగదు. ఏడు పావుల దాకా ఉన్న ఆటలన్నిటినీ కంప్యూటర్లు పూర్తిగా లెక్కగట్టేశాయి. ఫ్రాన్స్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో ఫిలిడోర్ అని సంగీతకారుడు ఉండేవాడు. ఆ కాలంలో అతనే గొప్ప చదరంగ ఆటగాడు. ఒక ఏనుగు, ఒక బంటు మీదికి వస్తుంటే ఒక్క ఏనుగుతో ఎలా కాచుకోవాలో అతను చూపించాడు. తన వైపు నుంచి మూడో అడ్డవరసలో ఏనుగుని నిలబెట్టాలి. అవతలి రాజుని ఆ గీత దాటనివ్వకూడదు. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టగానే ఏనుగు దూరంగా అవతలి అంచుకి వెళ్లిపోయి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ ఉండాలి. అవతలి రాజుకి దాక్కునే చోటు ఉండదు. అతను చెప్పింది అక్షరాలా సరైనదే అని ఈనాటి యంత్రాలు కూడా తేల్చాయి. ఒకసారి నేర్చుకుంటే ఎప్పటికీ పాతబడని చదువు ఇది. పిల్లల సమయం విలువైనదని నమ్మే తల్లిదండ్రులు మొదటి పెట్టుబడి ఇక్కడ పెట్టడం మేలు.

ఆఖరుగా, చదరంగం పెద్దగా రాని అమ్మానాన్నల కోసం ఒక్క మాట. మీరు పిల్లలకి ఓపెనింగ్ నేర్పలేకపోవచ్చు. కానీ ఇందాక చెప్పిన మూడు పావుల బొమ్మ మీరు పెట్టగలరు. బంటు రెండో గడిలో, రాజులు నాలుగో గడిలో, ఆరో గడిలో. ముందు మీరు నల్ల రాజుని పట్టుకోండి. బిడ్డని తెల్ల పావులతో గెలవమనండి. గెలిచాక వైపులు మార్చండి. తర్వాత బంటుని మూడో గడిలో పెట్టి, ఈసారి బిడ్డనే నల్ల రాజుతో డ్రా చెయ్యమనండి. ఎత్తు ఎప్పుడూ తెల్లవాళ్లదే ముందు, మర్చిపోకండి. ఎందుకు గెలిచింది, ఎందుకు డ్రా అయింది అని అడగండి. మాటల్లో చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే మరుసటి రోజు మళ్లీ అదే బొమ్మ పెట్టండి. అది దాటాక ఏనుగుతో మేట్, ఆ తర్వాత ఫిలిడోర్ చూపిన కాపుదల. అప్పుడు క్లాసులో సారుని అడగండి, స్పానిష్‌లో ఆ శకటాన్ని ఎందుకు ఇచ్చేస్తారో మా వాడి చేత చెప్పించండి అని.